నాలుగో బెడ్డు చీమలు

విజయవాడ,
శనివారం సాయంత్రం

ఒరేయ్ శీనూ,

ముందు తిట్టాలనుకున్నవన్నీ తిట్టేయ్. సంక్రాంతికి నువ్వు రాసిన ఉత్తరానికి జూన్ నెలాఖరులో జవాబు రాస్తున్నా. మధ్యలో రెండుసార్లు మొదలుపెట్టాను. ఒకదాని వెనక మా పాప ఏనుగు బొమ్మ వేసింది, రెండోది చొక్కా జేబులో ఉండిపోయి వాషింగ్ మెషీన్లో ముద్దయింది. ఫోన్ చేయొచ్చు కదా అంటావు. ఫోన్లో నువ్వు సగం వినగానే "మీటింగ్ ఉందిరా" అంటావు. ఈ కథ సగంలో ఆగితే నేను కడుపుబ్బి చస్తాను.

ఇప్పుడు టైము 5:10. గవర్నరుపేటలో మా షాపులోనే ఉన్నా. ఎదురుగా బెంచీ మీద ఒక ఇన్ఫ్యూజన్ పంపు, అదే, సీసాలోని మందుని లెక్క ప్రకారం పేషెంటు నరంలోకి తోసే పెట్టె, గంటకు 100 మిల్లీలీటర్ల స్పీడులో నడుస్తోంది, ట్యూబు చివర కొలజాడీ పెట్టాను. గంట తర్వాత జాడీలో 95కీ 105కీ మధ్య ఉంటే పాస్. అంటే నాకు గంట టైముంది. అది బీప్ అనగానే పెన్ను పడేస్తా, చివర సంతకం లేకపోతే ఏమీ అనుకోకు.

ఇంటి సంగతులు: అమ్మకి మోకాళ్ళు అలాగే ఉన్నాయి, నాన్న అలాగే ఉన్నారు. పాప రెండో తరగతి. ఆవకాయ పెట్టారు, నీ జాడీ విడిగా ఉంచారు, ఎవరు తీసుకెళ్తారో తెలీదు. అయిపోయాయి.

ఇక అసలు సంగతి. గుంటూరు కొత్తపేటలో ఒక చిన్న నర్సింగ్‌హోమ్ ఉంది, పేరు చెప్పను, మనకి అన్నం పెట్టేవాళ్ళు. వాళ్ళ పంపులన్నీ నేనే చూస్తాను. పది రోజుల క్రితం పొద్దున్నే హెడ్ సిస్టర్ ఫోన్. "సార్, నాలుగో బెడ్డు పంపుకి దయ్యం పట్టింది. పగలు బుద్ధిగా ఉంటోంది, రాత్రయితే డ్రాప్ ఎర్రర్, డ్రాప్ ఎర్రర్ అని అరుస్తోంది."

దయ్యం అనగానే నాకు మన హాస్టల్ ఇడ్లీపాత్ర గుర్తొచ్చి నవ్వాగలేదు. ఆవిడకి కోపం వచ్చింది.

వెళ్ళాను. అది పాత మోడల్, పడే చుక్కల్ని లెక్కపెట్టే డ్రాప్ సెన్సార్ ఉన్న రకం. ఆ లెక్క పంపు తోసిన లెక్కతో కలవకపోతే డ్రాప్ ఎర్రర్. సీసా కింద చుక్కలు పడే ఛాంబర్‌కి క్లిప్పులా తగిలిస్తారు చూడు, ఒక పక్క ఇన్‌ఫ్రారెడ్ ఎల్ఈడీ, ఇంకో పక్క దాన్ని చూసే కన్ను. సెన్సార్ మార్చాను, గంట నడిపించాను, 98 వచ్చింది. బిల్లు రాసి, మంగళగిరి దాటేదాకా బస్సులో హాయిగా నిద్రపోయాను. రాత్రి రెండింటికి ఫోన్.

రెండోసారి వెళ్ళి కేబుల్ మార్చాను. మళ్ళీ అదే. అప్పుడు సిస్టర్ తనే తెలివిగా ఆ పంపుని ఆరో బెడ్డుకి పంపి, ఆరో బెడ్డుది నాలుగుకి తెచ్చింది. దయ్యం పట్టిన పంపు ఆరో బెడ్డు దగ్గర నోరెత్తలేదు. మంచి పంపు నాలుగో బెడ్డు దగ్గర రాత్రంతా అరిచింది. అంటే దయ్యం పంపులో లేదు, బెడ్డులో ఉంది!

ఇక్కడే నేను గొప్ప వెధవపని చేశాను. గోడ ప్లగ్గులో న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య వోల్టేజి చూస్తే పదకొండు వోల్టులు. దొరికింది దొంగ అనుకున్నా. ఎలక్ట్రీషియన్ని పిలిపించి, అందరి ముందూ లెక్చరిచ్చి, పెరట్లో కొత్త ఎర్త్ పిట్ తవ్వించాను. ఉప్పు, బొగ్గు, రాగిపలక, అన్నీ. డాక్టర్‌గారు నా భుజం తట్టారు కూడా. ఆ రాత్రి ఒంటిగంటన్నరకి డ్రాప్ ఎర్రర్. ఆ గొయ్యి ఎలాగూ కావాల్సిందేలే, కాదని కాదు. అయినా దాని ఖర్చు గురించి ఎవరైనా ఎత్తితే నేను ఇప్పటికీ కిటికీలోంచి బయటికి చూస్తున్నాను.

(5:27. జాడీలో 28. నడవనీ.)

ఒక మాట చెప్పాలి, నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు. మూడో రోజు ఆ సిస్టర్ విసిగిపోయి, "సార్, సెన్సార్ పీకేసి నడుపుకోవచ్చా? సెట్టింగుల్లో ఆఫ్ ఉంది కదా" అంది. నిద్రలేక ఆవిడ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. పంపు అరిచిన ప్రతిసారీ మందు ఆగిపోతుంది, పేషెంటు లేస్తాడు, పక్క బెడ్లవాళ్ళు లేస్తారు. "సరే" అనే మాట నా నోటిదాకా వచ్చింది. మనం అలారం మీద అలారం పెట్టుకుంటూ పోతాం, చివరికి మనిషి దాని గొంతు నొక్కేస్తాడు. అలా అని... సరే, ఇది తర్వాత మాట్లాడుకుందాం. ఆ రాత్రి అక్కడే ఉంటానని చెప్పాను.

నాలుగో బెడ్డు తాతగారికి పేగు ఆపరేషన్ అయింది, నోటితో ఏమీ ఇవ్వట్లేదు. తోడుగా వాళ్ళ ఆవిడ, పొన్నూరు వైపు పల్లెటూరు. కింద చాపేసుకుని, స్టీలు క్యారేజీ తలదగ్గర పెట్టుకుని కూర్చుంది. నన్ను చూసి, "ఈ పెట్టి ఏం చేస్తది బాబూ?" అంది. తలుపు తెరిచి చూపించాను. పన్నెండు వేళ్ళు ఒకదాని తర్వాత ఒకటి ట్యూబుని నొక్కుకుంటూ కిందికి దిగుతాయి కదా, మామ్మగారు కాసేపు చూసి, "గేదె పాలు పితికినట్టేనా?" అంది.

శీనూ, నాలుగేళ్ళ నుంచి ట్రైనింగుల్లో లీనియర్ పెరిస్టాల్టిక్ అని బోర్డు మీద రాస్తున్నాను. ఒక్కరికీ ఎక్కలేదు. ఆవిడ అక్కడితో ఆగలేదు. "మరి చేపకపోతే?" పై క్లాంపు మూసి, పైనుంచి ద్రవం రాకుండా చేసి చూపించాను. పంపు అరిచింది. "ఆఁ, తన్నింది" అంది.

పన్నెండున్నర దాకా ఏమీ లేదు. నేను కుర్చీలో తూగుతున్నా. ఒంటిగంటా ఇరవైకి మొదలైంది. సిస్టర్ వచ్చి సెన్సార్ తీసి, స్పిరిట్ దూదితో తుడిచి మళ్ళీ తగిలించింది. "ఇలా తుడిస్తే గంట ఊరుకుంటుంది సార్" అంది. ఈ ముక్క మొదటిరోజు కూడా చెప్పింది. దుమ్ము అనుకుని వదిలేశానురా!

మామ్మగారు పడుకునే అంది: "చీమలు బాబూ. మూడు రోజుల్నుంచి చూస్తన్నా. ఆ పిల్లతో చెప్పినా, దులిపేసి పోతంది."

ఫోన్ టార్చి వేశాను. కిటికీ నుంచి గోడ, గోడ నుంచి స్టాండు, స్టాండు మీదుగా సీసా దాకా సన్నటి ఎర్ర దారం. సీసాకి గాలి కోసం గుచ్చిన సూది దగ్గర కొంచెం కారి, ఛాంబర్ పక్కన జిగురులా ఎండింది. ఆ జిగురు కోసం చీమలు ఛాంబర్‌కీ సెన్సార్‌కీ మధ్య సందులో దూరి పోతున్నాయి. అక్కడే చతికిలబడి చూశాను. గంటకు 60 మిల్లీలీటర్లు, మిల్లీలీటరుకి 20 చుక్కలు, అంటే మూడు సెకన్లకొక చుక్క. సెన్సార్ మీద చిన్న దీపం మూడు సెకన్లకోసారి వెలగాలి. చుక్క, దీపం. చుక్క, దీపం. మధ్యలో చుక్క లేకుండా దీపం! ఒక చీమ ఎల్ఈడీ ముందునుంచి నడిచిపోయింది. పంపు దృష్టిలో అదొక చుక్క.

"మరి పగలెందుకు రావు మామ్మా?" అనడిగాను, డిప్లొమా చదివిన నేను.

"పగలు పెట్టేది ఉప్పునీళ్ళు కదయ్యా. రాత్రి పెట్టేది తీపి సీసా."

పగలు నార్మల్ సెలైన్, రాత్రి 10 శాతం డెక్స్‌ట్రోజ్. కేస్ షీటులో రాసే ఉంది. నేను ఎర్త్ పిట్ తవ్వించాను.

ఆవిడ స్టాండుకి పసుపు రాయమంది, సిస్టర్ చీమల చాక్‌పీస్ పేషెంటు దగ్గర వద్దంది, చివరికి స్టోర్లోంచి వ్యాజిలిన్ తెచ్చి రాడ్డు చుట్టూ రెండు వేళ్ళ వెడల్పున పట్టించి, సీసా మార్చాము. స్టాండుని గోడ నుంచి జరిపాము. తెల్లారేదాకా పంపు నోరు విప్పలేదు. తాతగారు గురక పెట్టారు.

(5:46. జాడీలో 59. కొంచెం వెనకబడింది, ఫరవాలేదు.)

ఇప్పుడు నీతో దెబ్బలాట. మీ కంపెనీ కొత్త పంపు మోడల్లో డ్రాప్ సెన్సారే తీసేశారని పోయిన ఏడాది నిన్ను తిట్టాను కదా. దాన్ని సగం వెనక్కి తీసుకుంటున్నా. మీ దాంట్లో ట్యూబు పైనా కిందా ప్రెషర్ సెన్సార్లు, గాలి బుడగకి అల్ట్రాసౌండ్, అన్నీ తలుపు లోపలే ఉంటాయి. బయట వేలాడే కన్ను లేదు కాబట్టి చీమకి పని లేదు. ఒప్పుకున్నా. కానీ మిగతా సగం ఇవ్వను. క్లాంపు సరిగ్గా పడక సీసా మొత్తం ధారగా దిగిపోతుంటే, మోటారు ఆగి ఉన్నా చుక్కలు పడుతున్నాయని చెప్పేది ఆ బయటి కన్నే. తోసేవాడొకడు, లెక్క చూసేవాడు ఇంకొకడు ఉండాలి. కాలేజీలో నీ కుక్క సెమినార్‌లో లెక్క చూసేవాడు లేకే కదా ఆ గొడవ! 1656, ఇంగ్లండ్ శాస్త్రవేత్త క్రిస్టఫర్ రెన్, నరంలోకి ఎక్కించే ప్రయోగం: బాతు ఈక, తిత్తి, కుక్క నరంలోకి వైన్, బీరు. సార్ "కుక్క బతికిందా?" అంటే నువ్వు నీళ్ళు నమిలావు. బతికిందిరా. మత్తెక్కి తూలి, కాసేపటికి ఉచ్చపోసి మామూలైందని రెన్ గారే రాసుకున్నాడు. పన్నెండేళ్ళు ఆలస్యంగా చెబుతున్నా, ఆ మార్కులు సార్‌ని అడుక్కో.

అదృష్టం ఏమిటంటే ఈ పంపులో లెక్క చూసేవాడికి మోటారు మీద పెత్తనం లేదు. మోటారు తన స్టెప్పుల ప్రకారం తోస్తుంది, రెండు లెక్కలు కలవకపోతే ఆగి అరుస్తుంది. అదే చుక్కల లెక్కని బట్టి స్పీడు మార్చుకునే పాతకాలం కంట్రోలర్ అయ్యుంటే, చీమల్ని కూడా మందు కింద లెక్కేసి, ఎక్కువైందని స్పీడు తగ్గించేది. తాతగారికి రాత్రంతా తక్కువ వెళ్ళేది, ఒక్క అలారం కూడా మోగకుండా. ఆ ఆలోచనకి బస్సులో నాకు చెమట పట్టింది.

2010లో అమెరికాలో మందులూ వైద్య పరికరాలూ చూసే సర్కారు సంస్థ ఎఫ్‌డీఏ పంపుల మీద వేసిన కాగితం నువ్వే నాకు పంపావు గుర్తుందా. 2005 నుంచి 2009 దాకా దాదాపు 56,000 రిపోర్టులు, 87 రీకాల్స్, అంటే లోపం ఉందని పంపుల్ని వెనక్కి పిలిపించడం. మీట ఒకసారి నొక్కితే రెండుసార్లు నొక్కినట్టు తీసుకునే జబ్బు కూడా అందులో ఉంది. మళ్ళీ తీసి చదివాను. నాకు చీమలు కనిపించలేదు. పెట్టెలోకి ఏమేం దూరవో చెప్పే మీ ఐపీ రేటింగ్ సంగతీ అంతే. మొదటి అంకె 3 అంటే రెండున్నర మిల్లీమీటర్లది దూరదు, 4 అంటే ఒక మిల్లీమీటరు తీగ దూరదు. మా చీమ నడుం అంతకన్నా సన్నం.

ఇప్పుడు విను, దీనికోసమే ఉత్తరం. మొన్న ఆదివారం ఇంట్లో చక్కెర డబ్బా దగ్గర్నుంచి పదిహేను చీమల్ని అగ్గిపెట్టెలో పట్టి షాపుకి తెచ్చాను. మా ఆవిడ ఏమీ అనలేదు, అమ్మకి ఫోన్ చేసింది. పాత సెన్సార్‌ని, సిగ్నల్ని స్క్రీను మీద గీతగా చూపించే ఆసిల్లోస్కోప్‌కి కలిపి, ఛాంబర్ పక్కన పంచదార పాకం పూసి వదిలాను. చుక్క పడితే స్క్రీను మీద సూదిలాంటి గీత, ఆరేడు మిల్లీసెకన్లు. చీమ దాటితే వెడల్పాటి దిబ్బ, 150 నుంచి 400 మిల్లీసెకన్లు. మధ్యలో ఆగి మీసాలు తుడుచుకుంటే ఇంకా ఎక్కువ! పదిహేనింటిలో ఒక్కటి కూడా చుక్కలా కనిపించలేదు. అంటే ఎన్నిసార్లు వెలుగు ఆగిందో లెక్కపెట్టడంతో పాటు, ఎంతసేపు ఆగిందో కూడా చూస్తే చాలు. కొత్త పార్టు అక్కర్లేదు. సాఫ్ట్‌వేర్లో నాలుగు లైన్లు. పడే చుక్క అంత నెమ్మదిగా పడదు కదా! మీవాళ్ళెవరో ఇది ముందే చేసి ఉంటే నాకు ఇప్పుడే చెప్పకు, ఒక వారం సంతోషంగా ఉండనీ.

నువ్వు సర్క్యూట్లు గీసేది ఏసీ గదిలో. నేను విప్పేది ఇక్కడ. సెన్సార్ లోపలి అంచుకి మెత్తటి సిలికాన్ పెదవి కూడా పెట్టండి, ఛాంబర్‌ని పట్టి మూసుకునేలా. దానికి

ఆగు. ఒక చిక్కుంది. ఇది రాస్తుంటేనే తట్టింది. ఫ్రీ ఫ్లో అయినప్పుడు, అంటే క్లాంపు పడక సీసా తనంతట దిగిపోయేటప్పుడు, పడేవి చుక్కలు కావు, ధార. ధార అడ్డంగా నిలబడితే వెలుగు చాలాసేపు ఆగిపోతుంది. అంటే స్క్రీను మీద అది కూడా దిబ్బే. వెడల్పాటిదాన్ని చీమ అని కొట్టిపారేస్తే, ఏ ధారని పట్టుకోవాలని ఆ కన్ను ఉందో దాన్నే కొట్టిపారేసినట్టు అవుతుంది. అలా చేస్తే మనల్ని జైల్లో వేయాలి. అరవడం అరవాలి, కాకపోతే వేరే మాటతో, "సెన్సార్ చూడండి" అనో ఏదో. లేదా ధార నీడ లోతుకీ చీమ నీడ లోతుకీ తేడా ఉంటుందేమో, ధార నీళ్ళు కదా, వెలుగుని పూర్తిగా మూయదు, వంచుతుంది. అది కొలవలేదు. అగ్గిపెట్టెలో ఇంకా తొమ్మిదున్నాయి. ఇవాళ రాత్రే క్లాంపు తీసేసి ధార వదిలి

బీప్. 6:10. జాడీలో 97. పాస్. డెలివరీ కుర్రాడు బయట హారన్ కొడుతున్నాడు, ఈ పంపు సూర్యారావుపేట వెళ్ళాలి. ధార సంగతి రేపు కొలిచి