చేపాక్‌లో ఖాళీ కుర్చీలున్నాయి, ఆ సంగతి కూడా వేయండి

సంపాదకులకు,

అయ్యా,

ఐపీఎల్ మొదలవుతుందనగానే ఏటా ఆటల పేజీలో ఒకే వార్త వస్తుంది: టిక్కెట్లు పెట్టిన కాసేపటికే అయిపోయాయి, బ్లాకులో ఇంతకు అమ్ముతున్నారు. అది చదివిన తెలుగు కుటుంబాలు ‘స్టేడియం మనకు అందేది కాదులే’ అనుకుని టీవీ ముందు కూర్చుంటున్నాయి. చెన్నైలో పిల్లాజెల్లాతో వెళ్లి, పగలంతా ఆట చూసి, జేబుకు చిల్లు పడకుండా ఇంటికి రావచ్చు. కాకపోతే అది ఐపీఎల్‌లో కుదరదు. కుదిరే ఆటల గురించి మీ పత్రికలో ఒక్క ముక్కా రావడం లేదని ఈ ఉత్తరం రాస్తున్నాం.

ముందు ఐపీఎల్ లెక్క చూడండి. 2025లో చెన్నై చేపాక్ స్టేడియంలో సూపర్ కింగ్స్ మ్యాచ్‌కు అన్నిటికంటే తక్కువ టిక్కెట్టు 1,700 రూపాయలు, టెర్రస్‌లో 7,500. నలుగురున్న ఇంటికి అతి తక్కువ ధర సీట్లకే 6,800 అవుతుంది. అంత పెట్టి వెళ్లినవాళ్లకు ఆ ఏడు దక్కింది ముంబయి మీద మొదటి గెలుపు ఒక్కటే. ఆ తరవాత ఇక్కడ ఆడిన అయిదూ ఓటములే. బెంగళూరు 2008 తరవాత మళ్లీ అప్పుడే చేపాక్‌లో గెలిచింది. కోల్‌కతా మీద మనవాళ్లు 103 దగ్గర ఆగిపోయారు. ఏప్రిల్ 25న సన్‌రైజర్స్ చేపాక్‌లో తమ మొట్టమొదటి గెలుపు అందుకున్నారు. అయిదుసార్లు కప్పు ఎత్తిన జట్టు 14 మ్యాచ్‌ల్లో నాలుగే గెలిచి, మొదటిసారిగా పట్టికలో చిట్టచివర నిలిచింది. జట్టు దిగజారిందని టిక్కెట్టు ధర దిగిరాలేదు.

అమెరికాలో పిల్లలున్న చెన్నై తెలుగువాళ్లకు బేస్‌బాల్ ఇప్పుడు కొత్త కాదు. డాలస్‌కో అట్లాంటాకో వెళ్లిన పెద్దవాళ్లను పిల్లలు ఓ సాయంత్రం స్టేడియానికి తీసుకెళతారు. తిరిగొచ్చాక కూడా తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి స్కోరు చూసుకునేవాళ్లు ఉన్నారు, అక్కడి తూర్పు తీరంలో రాత్రి ఏడంటే మనకు అదే వేళ. అక్కడ ఓడే జట్టు సంగతి వేరు. డెన్వర్ జట్టు రాకీస్ 2025లో 162 మ్యాచ్‌లు ఆడి 119 ఓడింది. అయినా ఆ ఏడు వాళ్ల మైదానానికి 20 లక్షల మందికి పైగా వచ్చారు. మైదానం నడిమధ్యకు ఎదురుగా, ఎత్తున ‘రాక్‌పైల్’ అని బల్లల వరసలుంటాయి. అక్కడ కొద్దిపాటి డాలర్లకే కూర్చోవచ్చు. వారం మధ్యలో, బలహీనమైన జట్టుతో ఆట ఉన్నరోజు మిగతా మైదానాల్లో కూడా ధర బాగా తగ్గిపోతుంది. చాలాచోట్ల ఇంటి నుంచి తెచ్చుకున్న తిండి, సీలు తీయని నీళ్ల బాటిలు లోపలికి రానిస్తారు.

వాళ్లు మనకంటే ఉదారులనుకోనక్కర్లేదు. ఒక్కో బేస్‌బాల్ జట్టు సొంత మైదానంలో ఏడాదికి 81 మ్యాచ్‌లు ఆడుతుంది. నలభై వేల సీట్ల చొప్పున 32 లక్షల టిక్కెట్లు అమ్ముడుపోవాలి. ధర తగ్గించకపోతే సీట్లు ఎండకు ఎండుతాయి. ఐపీఎల్‌లో సొంత మైదానంలో లీగ్ మ్యాచ్‌లు మామూలుగా ఏడు. 38,000 సీట్ల చేపాక్‌కు ఏడు రోజులంటే రెండు లక్షల అరవై ఆరు వేల టిక్కెట్లు. ఇంత పెద్ద ఊళ్లో అవి ఏ ధరకైనా పోతాయి. పైగా 2025 సెప్టెంబరు 22 నుంచి ఐపీఎల్ టిక్కెట్టు మీద జీఎస్టీ 28 నుంచి 40 శాతానికి పెరిగింది. అసలు ధర వెయ్యి రూపాయలైతే అంతకుముందు 1,280 అయ్యేది, ఇప్పుడు 1,400. కాబట్టి ఐపీఎల్ చవకవ్వాలని సంపాదకులకు లేఖలు రాయడం వృథా శ్రమ. మ్యాచ్‌లు ఎక్కువ, జనం తక్కువ ఉన్నచోటే చవక దొరుకుతుంది. మనకు అలాంటివి: రాష్ట్రాల జట్లు నాలుగేసి రోజులు ఆడే రంజీ, టెస్టు, మహిళల మ్యాచ్‌లు, ఊళ్లో జరిగే లీగ్.

రంజీకి, ఈ ఊరికి ఉన్న బంధం చిన్నది కాదు. రంజీ ట్రోఫీలో మొట్టమొదటి మ్యాచ్ 1934 నవంబరు 4న చేపాక్‌లోనే, మద్రాసుకూ మైసూరుకూ జరిగింది. ఒక్క రోజులో అయిపోయింది, మద్రాసు ఇన్నింగ్స్ తేడాతో గెలిచింది, ఏ.జి. రామ్‌సింగ్‌కు 11 వికెట్లు. అంతకు చాలా ముందే, 1888లో, తెల్లవాళ్ల క్లబ్బులోకి మనవాళ్లను రానివ్వని రోజుల్లో, బుచ్చిబాబు నాయుడు మద్రాస్ యునైటెడ్ క్లబ్ పెట్టి ఇక్కడి కుర్రాళ్లకు బ్యాటు అందించారు. ఆయన పేరిట టోర్నమెంటు ఇప్పటికీ జరుగుతోంది. ఆ పేరు తెలియని తెలుగు పిల్లలు ఈ ఊళ్లో ఉండకూడదు.

జట్ల అదృష్టం గురించి వాదించుకునేవాళ్లకు కూడా అసలు సరుకు రంజీలోనే దొరుకుతుంది. గుంటూరు కుర్రాడు షేక్ రషీద్‌ను తీసుకోండి. 2024 నవంబరులో హైదరాబాద్ మీద ఆంధ్ర తరఫున 203 కొట్టాడు. 2025 ఏప్రిల్ 14న లక్నోలో సూపర్ కింగ్స్ తరఫున దిగి 19 బంతుల్లో 27 చేశాడు. పదకొండు రోజుల తరవాత చేపాక్‌లో షమీ వేసిన తొలి బంతికే అవుటయ్యాడు. ఆ బంతి ఒక్కటీ చూసి ‘వీడికి రాదు’ అన్నవాళ్లు ఆ 203 చూసి ఉంటే ఆ మాట అనరు. గంటల తరబడి క్రీజులో నిలబడి ఆడే అలవాటున్న పిల్లవాడిని మొదటి ఆరు ఓవర్లలో బాదమన్నారు. తప్పు ఎక్కడుందో నాలుగు రోజుల ఆట చూసేవాళ్లకు ఇట్టే తెలుస్తుంది. రంజీ కప్పు విషయానికొస్తే తమిళనాడు చివరిసారి గెలిచింది 1987-88లో, హైదరాబాద్ దానికి ముందటేడు, ఆంధ్రకు ఇప్పటిదాకా లేదు. 2024 ఫిబ్రవరిలో ఇండోర్ క్వార్టర్ ఫైనల్లో ఆంధ్ర నాలుగంటే నాలుగు పరుగుల తేడాతో ఓడింది. ఆ రోజు గుండె బరువెక్కినవాళ్లు చెన్నైలో కూడా ఉన్నారు. ఆ మ్యాచ్‌కు మీ పేజీలో దక్కిన చోటు అంగుళం.

ఇక వెళ్లే పద్ధతి. రంజీకి సాధారణంగా టిక్కెట్టు ఉండదు, నేరుగా లోపలికి వెళ్లడమే. తమిళనాడుకు లీగ్ దశలో ఏడే మ్యాచ్‌లు, అందులో సొంతగడ్డ మీదివి మూడో నాలుగో. వాటిని కోయంబత్తూరు, సేలం, నత్తం, చెన్నైలకు పంచుతారు. అందుకే ఏది చేపాక్‌లోనో ముందుగా కనుక్కోవాలి. ఈమధ్య లీగ్ దశను రెండు ముక్కలు చేసి అక్టోబరు-నవంబరులో సగం, జనవరి-ఫిబ్రవరిలో సగం ఆడిస్తున్నారు. మొదటి ముక్కను నమ్ముకోకండి, ఈశాన్య రుతుపవనాలు మన ఊరి మీద కురిసేది అప్పుడే. సంక్రాంతి దాటాక వచ్చే మ్యాచ్ చూసుకోండి. ఎండ తక్కువ, వాన ఉండదు.

వేళచ్చేరి నుంచి వంతెన మీద వచ్చే ఎంఆర్‌టీఎస్ రైలెక్కి చేపాక్ స్టేషన్లో దిగితే స్టేడియం ఎదురుగానే ఉంటుంది, ఛార్జీ పది రూపాయలకు మించదు. మెట్రోలో వస్తే గవర్నమెంట్ ఎస్టేట్ దగ్గర దిగి కిలోమీటరు నడవాలి. బండి మీద వస్తే హెల్మెట్ పెద్ద తలనొప్పి. పెద్ద మ్యాచ్‌లకు దాన్ని లోపలికి రానివ్వరు, బయట పెట్టడానికి భద్రమైన చోటు ఉండదు. ఆట తొమ్మిదిన్నరకు మొదలవుతుంది, పదకొండున్నరకు భోజన విరామం, సాయంత్రం నాలుగున్నరకు ముగింపు. పొద్దున ఎండ బీచ్ వైపు నుంచి, మధ్యాహ్నం బెల్స్ రోడ్డు వైపు నుంచి పడుతుంది. తెరిచిన స్టాండ్ ఒక్కటే అయితే కింది వరసల్లో కూర్చోకండి, బౌండరీకి దగ్గరని కూర్చున్నవాళ్లు పన్నెండుకల్లా మాడిపోతారు. కప్పు కింది పై వరసలే మేలు, బంతి తిరగడం కూడా అక్కడి నుంచే బాగా కనబడుతుంది.

రంజీకి గేటు దగ్గర తనిఖీ తక్కువే, అన్నం డబ్బా వెంట పెట్టుకోవచ్చు. పెరుగన్నం కలిపేటప్పుడు మాత్రం జాగ్రత్త. పొద్దున్నే పెరుగుతో కలిపేస్తే పన్నెండుకల్లా పులిసి పిల్లలు ముట్టుకోరు. నలుగురికి గ్లాసున్నర బియ్యం మెత్తగా వండి, చల్లారాక అర లీటరు కాచిన పాలు పోసి, రెండు చెంచాల పెరుగు, ఉప్పు వేసి డబ్బాలో పెడితే భోజనం వేళకు అక్కడే తోడుకుని కమ్మగా ఉంటుంది. పులిహోర అయితే నిమ్మకాయ కంటే చింతపండుది నిలుస్తుంది. నీళ్లు పెద్దవాళ్లకు తలా రెండు లీటర్లు. టోపీ, నూలు తువ్వాలు చాలు, గొడుగు వద్దు, వెనకవాళ్లకు ఆట కనబడదు.

పిల్లలు గంటకల్లా విసుగుతారని భయం ఉంటే ఒక పెన్సిలు, గళ్లు గీసిన కాగితం ఇవ్వండి. ఓవరుకు ఒక గడి. పరుగు రాని బంతికి చుక్క, వస్తే అంకె. ఆరు బంతులకూ ఆరు చుక్కలే పడితే పైన మూడు, కింద మూడుగా ఉన్న ఆ చుక్కలను ముగ్గు కలిపినట్టు కలపాలి, ‘ఎం’ అక్షరం వస్తుంది. అదే మెయిడెన్. ఆ ఓవర్లో వికెట్ కూడా పడితే ‘డబ్ల్యూ’గా కలపాలి. బేస్‌బాల్ చూసేవాళ్లు కూడా ఇలాగే రాసుకుంటారు. ఆటగాడి స్థానానికో అంకె, పిచర్ ఒకటి, క్యాచర్ రెండు, షార్ట్‌స్టాప్ ఆరు. బంతి ఆరు నుంచి నాలుగుకు, నాలుగు నుంచి మూడుకు వెళ్లి ఇద్దరు అవుటైతే 6-4-3 అని రాస్తారు. చేత్తో స్కోరు రాసిన పిల్లవాడు ఆ ఆటను మరిచిపోడు, పక్కనున్న తాతను ఫోను కూడా అడగడు.

క్రికెట్ సంఘాలు చేయవలసినవి కొన్ని ఉన్నాయి. టెస్టుకు కొన్ని స్టాండ్‌లయినా 500 రూపాయల లోపు ఉంచాలి. గుర్తింపు పొందిన క్రీడా పోటీలకు ఆ ధర దాకా జీఎస్టీ లేదు, దాటితే 18 శాతం. ఇది కుదరని పనేమీ కాదు: 2021 ఫిబ్రవరిలో ఇంగ్లండ్‌తో రెండో టెస్టుకు ఇక్కడే రోజు టిక్కెట్టు 100 రూపాయల నుంచి అమ్మారు, సగం సీట్లకే అనుమతి ఉన్నా అశ్విన్ సెంచరీకి స్టేడియం హోరెత్తింది. రెండోది వాన సంగతి. బేస్‌బాల్‌లో ఆట లెక్కలోకి వచ్చేటంత సాగకముందే వానతో ఆగిపోతే అదే టిక్కెట్టు మరో తేదీకి చెల్లే ఆనవాయితీ ఉంది, దాన్ని ‘రెయిన్ చెక్’ అంటారు. 2025 మే 17న బెంగళూరు ఐపీఎల్ మ్యాచ్‌లో వానతో ఒక్క బంతీ పడలేదు కనుక డబ్బు తిరిగి ఇచ్చారు. ఒక్క బంతి పడి ఉంటే ఆ ఆశ ఉండేది కాదు. టెస్టులో ఒక రోజు పది ఓవర్లు కూడా సాగకపోతే మర్నాటికి ఆ టిక్కెట్టు చెల్లనివ్వాలి. మర్నాడు కూర్చోవడానికి చోటు ఎలాగూ ఉంటుంది.

ఉచిత ప్రవేశమైనా అంకె వేసిన పాసు, గేటు పేరు తప్పకుండా ఉండాలి. 2025 జూన్ 4న బెంగళూరు చిన్నస్వామి స్టేడియం గేట్ల బయట 11 మంది ప్రాణాలు పోయాయి. ఎవరికి ప్రవేశం, ఏ గేటు, ఎన్నింటికి అన్నది జనానికి స్పష్టంగా తెలియకపోతే ఎంత ఘోరం జరుగుతుందో అక్కడ చూశాం. పేరున్న ఆటగాడు రంజీకి వస్తే జనం ఎలా విరుచుకుపడతారో అదే ఏడాది జనవరిలో ఢిల్లీలో కోహ్లీ ఆడినప్పుడు కూడా తెలిసింది. మామూలు రోజుల్లో రెండు వందల మంది వచ్చే ఆటకు ఇవన్నీ ఎందుకని వదిలేయకూడదు.

మీ పత్రికను మేం అడిగేది చిన్న గడి మాత్రమే. మ్యాచ్‌కు రెండు రోజుల ముందు: ఏ జట్లు, ఏ మైదానం, ఎన్నింటికి, ప్రవేశం ఉచితమా కాదా, ఏ రోడ్డు వైపు గేటు. ఊళ్లో జరిగే లీగ్ మ్యాచ్‌లు వేళచ్చేరి గురునానక్ కాలేజీలోనో, ఐఐటీ కెంప్లాస్ట్ మైదానంలోనో ఉంటే అవి కూడా వేయండి. చివర ‘రేపు ఆట ఉందా’ అని ఇంకో వాక్యం కూడా కావాలి. నాలుగు రోజుల మ్యాచ్‌లు చాలాసార్లు మూడో రోజు మధ్యాహ్నానికే అయిపోతాయి. ఆ సంగతి తెలియక ఆదివారం పొద్దున్నే డబ్బాలు సర్దుకుని పెరంబూరు నుంచో తాంబరం నుంచో వచ్చినవాళ్లకు తాళం వేసిన గేటు కనబడుతోంది.

ఇట్లు,
రంజీ, టెస్టులు, బేస్‌బాల్ చూసే కొందరు తెలుగు పాఠకులు,
చెన్నై