పాత రేంజ్‌ఫైండర్ లెన్స్ కొనేవాళ్లకి

ఫ్రెండ్స్, రేంజ్‌ఫైండర్ కెమెరాకి (లెన్స్‌లోంచి కాకుండా వేరే చిన్న కిటికీలోంచి చూసి ఫోకస్ చేసే ఫిల్మ్ కెమెరా) వేసే జూపిటర్-8 లెన్స్ గురించి అడిగారు కదా, ఇప్పుడు కుదిరింది. 50 ఎంఎం ఎఫ్/2 (కాంతి వచ్చే రంధ్రం ఎంత పెద్దగా తెరుచుకుంటుందో చెప్పే అంకె), సోవియట్‌లో చేసిందే గానీ డిజైన్ మాత్రం 1930ల నాటి జర్మన్ కంపెనీ జైస్ వాళ్ల సోనార్ లెన్స్‌ది, దాన్ని డిజైన్ చేసిన లుడ్విగ్ బెర్టెలె 6 గాజు కటకాల్ని 3 గ్రూపులుగా అంటించి గాలి తగిలే ఉపరితలాలు తగ్గించాడు, గాజు మీద మెరుపు తగ్గించే కోటింగ్ లేని ఆ రోజుల్లో ఫ్లేర్ (కాంతి లోపల అటూ ఇటూ తగిలి ఫోటో వెలవెలబోవడం) తగ్గాలంటే అదే దారి, ఎంత గొప్ప బుర్రో! రంధ్రం ఫుల్ ఓపెన్‌లో పెట్టి తీస్తే మొహాలు భలే మెత్తగా వస్తాయి.

కొనేముందు టార్చ్ వేసి చూడండి, లోపల మంచు పట్టినట్టుంటే వద్దు, రేంజ్‌ఫైండర్‌లో మనం లెన్స్‌లోంచి చూడం కాబట్టి రోల్ డెవలప్ అయ్యేదాకా తెలీదు. ఇంకోటి, గుడ్డ షట్టర్ కెమెరాని క్యాప్ లేకుండా సూర్యుడి వైపు పెట్టి వదిలేయకండి ప్లీజ్, లెన్స్ భూతద్దంలా ఎండని ఒకచోటికి చేర్చి షట్టర్ గుడ్డ (కర్టెన్) కాలి చిల్లు పడుద్ది, నాది అలాగే పోయింది, రోల్ మొత్తం తెల్లచుక్కలే.