మ్యాప్‌లో పిన్ ఎందుకు తప్పుతోంది, ఈ అప్‌డేట్‌లో ఏం మారింది

మన బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లోని మ్యాప్ స్క్రీన్ గురించి మీరు ఫోన్లోనూ వాట్సాప్‌లోనూ చెప్పినవన్నీ కలిపి చూస్తే ఫిర్యాదులు మూడు. పార్టీ, అంటే మీ దగ్గర సరుకు కొనే షాపో రైతో, ఒకచోట ఉంటే మ్యాప్ మీద గుర్తు (పిన్) ఇంకోచోట పడుతోంది. జిల్లావారీ సేల్స్ రిపోర్టుకీ మీ చేతి లెక్కకీ పొంతన ఉండటం లేదు. సేల్స్‌ను బట్టి మండలాలకు వేసే రంగుల్లో నెల్లూరు టౌన్ తప్ప మిగతాదంతా ఒకేలా కనిపిస్తోంది. నెల్లూరులో రొయ్యల మేత డీలరు అడిగినా, ఒంగోలులో బిస్కెట్ల డిస్ట్రిబ్యూటరు అడిగినా, కందుకూరులో పురుగుమందుల షాపాయన అడిగినా తిరిగి తిరిగి ఇవే. ఈ నెల అప్‌డేట్ వీటికోసమే. కొన్ని అడిగినట్టే చేశాం, కొన్ని ఇంకా చేయలేదు, ఒకటి మాత్రం చేయబోం.

ముందు పిన్ సంగతి. పార్టీ మాస్టర్‌లో (పార్టీల వివరాలు ఎక్కించే చోట) అడ్రస్ టైపు చేసి సేవ్ కొట్టగానే సాఫ్ట్‌వేర్ దాన్ని చోటు వెతికే సర్వీసుకు పంపుతుంది. ఆ సర్వీసు డోర్ నంబరు వెతుకుతుంది, దొరక్కపోతే వీధి, అదీ దొరక్కపోతే ఊరు, చివరికి పిన్‌కోడ్. మన అడ్రస్‌లు "గుడి వెనక సందు, చిన్న బజారు" అన్న తరహాలో ఉంటాయి కాబట్టి చాలావరకు ఊరి దగ్గరో పిన్‌కోడ్ దగ్గరో ఆగిపోతాయి. పిన్‌కోడ్ దగ్గర ఆగిందంటే ఆ పరిధి మొత్తానికి నట్టనడుమ ఉన్న ఒక్క పాయింటు ఇచ్చి ఊరుకుంటుంది. నడి పొలంలో కిరాణా షాపులన్నీ ఒకదాని మీద ఒకటి పడి కనిపించేది అందుకే.

ఇప్పటిదాకా అన్ని పిన్‌లకూ ఒకే ఎరుపు. ఇకమీదట రంగు చూస్తే దాన్ని ఎంతవరకు నమ్మొచ్చో తెలుస్తుంది. ఆకుపచ్చ అంటే ఎవరో అక్కడ నిలబడి తీసిన లొకేషన్. పసుపు అయితే ఊరి వరకు నమ్మొచ్చు. బూడిద రంగు అయితే పిన్‌కోడ్ వరకే తెలుసు. బూడిద రంగు పార్టీలు రూట్ షీట్‌లోకి (బండి ఎక్కడెక్కడికి వెళ్లాలో చూపే కాగితంలోకి) రావు, షీటు అడుగున పేర్లు మాత్రం విడిగా వస్తాయి. అప్‌డేట్ వేసుకున్న రోజున మీ మ్యాప్‌లో సగం బూడిద రంగుకు తిరిగినా కంగారు పడొద్దు. డేటా ఎక్కడికీ పోలేదు, ఉన్నదే ఉన్నట్టు కనిపిస్తోంది. తెలియని చోటికి బండి పంపి డీజిల్ తగలేయడం కంటే ఇది మేలని మా లెక్క.

"పోయిన నెల ఒకచోట ఉంది, ఈ నెల ఇంకోచోట ఉంది" అని కొందరు అడిగారు. గూగుల్ మ్యాప్స్ నియమాల ప్రకారం అడ్రస్ వెతికి తెచ్చుకున్న అక్షాంశ రేఖాంశాలను 30 రోజులకు మించి దాచుకోకూడదు. గడువు తీరాక మళ్లీ వెతకాలి, ఆలోగా వాళ్ల దగ్గర సమాచారం మారి ఉంటే పిన్ కూడా కదులుతుంది. మీ మనిషి అక్కడికెళ్లి తీసిన లొకేషన్ మీ సొంతం, దానికి గడువు లేదు, అది కదలదు కూడా.

ఇక ఊళ్ల పేర్లు. కోవూరు అని కొడితే గోదావరి ఒడ్డున కొవ్వూరుకు పోయిన పిన్‌లు కోకొల్లలు. గూడూరు మన నెల్లూరు వైపు ఉంది, కృష్ణా జిల్లాలో ఉంది, కర్నూలు జిల్లాలో ఉంది. ఇవి చాలక నెల్లూరు పక్కనే తోటపల్లిగూడూరు, దాన్ని బిల్లు మీద కొందరు ఉత్త గూడూరు అనే రాస్తారు. ట్రంక్ రోడ్డు నెల్లూరులోనూ ఉంది, కావలిలోనూ ఉంది, ఒంగోలులోనూ ఉంది. బుచ్చిరెడ్డిపాళెం అని ఒకరు, బుచ్చిరెడ్డిపాలెం అని ఒకరు, బుచ్చి అని ఇంకొకరు ఎక్కిస్తే రిపోర్టులో మూడు ఊళ్లు తయారవుతాయి. అందుకని ఊరి పేరు టైపు చేసే గడి తీసేశాం. కేంద్ర పంచాయతీరాజ్ శాఖ నిర్వహించే లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీలో ప్రతి మండలానికీ ప్రతి గ్రామానికీ ఒక కోడ్ ఉంటుంది. ఆ జాబితాలోంచి ముందు మండలం, తర్వాత ఊరు ఎంచుకోవాలి. పేరు ఎవరు ఎలా రాసినా లోపల ఉండేది కోడ్ ఒక్కటే. బుచ్చి అన్నా దొరికేలా వాడుక పేర్లు కూడా చేర్చాం. మీ ఊరికి మీరు వాడే పేరు జాబితాలో లేకపోతే చెప్పండి, కలుపుతాం. బజార్లు, లేఔట్‌లు, అగ్రహారాల లాంటివి ఆ డైరెక్టరీలో ఉండవు. వాటిని ఏరియా గడిలో రాసుకోవచ్చు, పిన్ మాత్రం దాన్ని బట్టి పడదు.

ఎక్సెల్ నుంచి ఎక్కించే వాళ్లు ఈ భాగం నిదానంగా చదవండి, ఎక్కువ తప్పులు ఇక్కడే పుడుతున్నాయి.

మొదటిది తారుమారు. నెల్లూరు అక్షాంశం 14.44, రేఖాంశం 79.99 దరిదాపుల్లో ఉంటుంది, ఒంగోలు 15.50, 80.05. గూగుల్ మ్యాప్స్ ముందు అక్షాంశం చూపిస్తుంది. జియోజేసన్ అనే మ్యాప్ డేటా ఫైలులో ముందు రేఖాంశం ఉంటుంది. ఒక్కో ఫైలులో ఒక్కో వరస కావడంతో రెండు కాలమ్‌లు అటూఇటూ అయితే నెల్లూరు పార్టీ పోయి ఉత్తర ధ్రువం దగ్గర స్వాల్‌బార్డ్ ఒడ్డున తేలుతుంది. గడి ఖాళీగా ఉండి సున్నాలు ఎక్కితే ఆఫ్రికా పక్కన గినీ సింధుశాఖలో పడుతుంది. కొత్త దిగుమతి స్క్రీన్‌లో అక్షాంశం 12కూ 20కీ మధ్య, రేఖాంశం 76కూ 85కూ మధ్య లేకపోతే ఆ పార్టీ వరస ఎక్కకుండా ఆగిపోతుంది. రెండూ తారుమారైనట్టు కనిపిస్తే మార్చమంటారా అని అడుగుతుంది. అడగకుండా తానే మార్చదు.

రెండోది డిగ్రీలు, నిమిషాలు. పాత సర్వే కాగితాల మీద 14°26′36″ అని ఉంటుంది. దాన్ని 14.2636 అని ఎక్కిస్తే తప్పు. 26ను 60తో, 36ను 3600తో భాగించి కలపాలి, అప్పుడు 14.4433 వస్తుంది. రెంటికీ తేడా దాదాపు 20 కిలోమీటర్లు, పార్టీ నెల్లూరు దాటి దక్షిణంగా మనుబోలు వైపు జరుగుతుంది. ఇది పైన చెప్పిన హద్దుల తనిఖీకి దొరకదు, అంకె చూడటానికి సబబుగానే ఉంటుంది. అందుకే డిగ్రీల గుర్తులతో ఉన్నదాన్ని ఉన్నట్టే అతికించండి, లెక్క సాఫ్ట్‌వేర్ కడుతుంది.

మూడోది అన్నిటికంటే దొంగది. ఎక్సెల్‌లో గడికి రెండు దశాంశాలే కనిపించేలా ఫార్మాట్ పెట్టి ఉంటే, లోపల 14.4433 భద్రంగానే ఉంటుంది. దాన్ని సీఎస్‌వీగా (కామాలతో విడదీసిన ఉత్త అక్షరాల ఫైలుగా) సేవ్ చేసిన క్షణాన కంటికి కనిపించే 14.44 మాత్రమే ఫైలులోకి పోతుంది. ఒక డిగ్రీ అక్షాంశం అంటే దాదాపు 111 కిలోమీటర్లు. రెండు దశాంశాలకు కుదిస్తే అర కిలోమీటరు పైచిలుకు దాకా తప్పొచ్చు, పక్కపక్క షాపులన్నీ ఒకే పాయింటు మీదికి చేరతాయి. నాలుగు దశాంశాలుంటే తప్పు పది మీటర్ల లోపే. కాబట్టి సేవ్ చేసే ముందు ఆ రెండు కాలమ్‌లనూ ఆరు దశాంశాలకు మార్చండి. ఫైలు రకం దగ్గర సీఎస్‌వీ యూటీఎఫ్-8 ఎంచుకోండి, లేకపోతే తెలుగు పేర్లు ప్రశ్నార్థకాలుగా మారిపోతాయి. అను ఫాంట్లలో కొట్టిన పాత లిస్టులు మాత్రం యూనికోడ్‌లోకి (ఏ కంప్యూటర్లోనైనా తెలుగు చదవగలిగే పద్ధతిలోకి) మార్చాకే పంపాలి, వాటికి యూటీఎఫ్ మంత్రం పనిచేయదు.

రొయ్యల మేత డీలర్ల బాధ వేరు. రైతు ఇల్లు ఒక ఊళ్లో, రొయ్యల గుంటలు ఇంకో ఊళ్లో. బిల్లు ఇంటి అడ్రస్ మీద, బస్తాలు దిగేది గుంట కట్ట మీద. ఒక పార్టీకి ఒకే పిన్ ఉన్నంతకాలం ఇందులో ఏదో ఒకటి తప్పు కాక తప్పదు. ఇప్పుడు ఒక పార్టీ కింద ఎన్ని డెలివరీ పాయింట్లయినా పెట్టుకోవచ్చు, ప్రతిదానికీ పేరు, లొకేషన్, అక్కడికి ఏ బండి వెళ్తుందో విడిగా ఉంటాయి. బాకీ మాత్రం పార్టీ పేరు మీదే ఒకటిగా నడుస్తుంది.

గుంట లొకేషన్ తీసేటప్పుడు ఒక మాట. మ్యాప్‌లో నీళ్లు కనిపిస్తున్నాయి కదా అని గుంట మధ్యలో పిన్ గుచ్చొద్దు. దారి లెక్కగట్టే ప్రోగ్రామ్ ఆ పిన్‌ను దగ్గర్లో ఉన్న రోడ్డుకు అతికిస్తుంది, ఆ దగ్గరి రోడ్డు డ్రెయిన్‌కు అవతల ఉండొచ్చు. డ్రైవరు అవతలి గట్టున నిలబడి ఫోన్ చేస్తాడు. బండి ఆగి బస్తాలు దించే చోట నిలబడి తీయండి. రేకుల షెడ్డు కింద కాకుండా బయటికొచ్చి, స్క్రీన్ మీద "ఇన్ని మీటర్ల తేడా" అన్న అంకె 15 లోపుకు దిగేదాకా ఆగండి. అప్పటిదాకా సేవ్ బటన్ వెలగదు. నెట్ లేకపోయినా జీపీఎస్ పనిచేస్తుంది, మ్యాప్ బొమ్మ మాత్రం రాదు. లొకేషన్ ఫోన్లో ఉండి సిగ్నల్ వచ్చాక ఎక్కుతుంది.

అంకె ఎంతకీ దిగడం లేదంటే పర్మిషన్ చూడండి. ఆండ్రాయిడ్ 12 నుంచి లొకేషన్ అడిగినప్పుడు ఖచ్చితమైనదా, సుమారుదా అని రెండు బొమ్మలు వస్తాయి. తొందరలో సుమారుది నొక్కి ఉంటే చుట్టుపక్కల మూడు చదరపు కిలోమీటర్లలో ఎక్కడో ఒకచోటు ఇస్తుంది. సెట్టింగ్స్‌లో యాప్ పర్మిషన్లకు వెళ్లి మార్చాలి. రైతు వాట్సాప్‌లో పంపే లొకేషన్ కూడా తీసుకోవచ్చు గానీ, ఆయన రాత్రి ఇంటికెళ్లాక పంపితే వచ్చేది ఇంటి లొకేషనే. ఎప్పుడు, ఎక్కడి నుంచి పంపారని అడిగి ఎక్కించండి.

తపాలా శాఖ 2025 మేలో తెచ్చిన డిజిపిన్ కూడా ఇప్పుడు పార్టీ మాస్టర్‌లో ఉంది. దేశం మొత్తాన్ని దాదాపు నాలుగు మీటర్ల గళ్లుగా విడగొట్టి ఒక్కో గడికి పది అక్షరాల కోడ్ ఇచ్చారు. సున్నాకూ ఇంగ్లిష్ ఓకూ, ఒకటికీ ఇంగ్లిష్ ఐకీ తికమక లేకుండా ఆ అక్షరాలు వాడలేదు కాబట్టి ఫోన్లో చెప్పి రాయించుకోవడానికి బాగుంటుంది. డోర్ నంబరు లేని గుంటలకు ఇదే సరైన అడ్రస్ అని మాకనిపిస్తోంది.

జిల్లా లెక్కల దగ్గరికొస్తే, అసలు చిక్కు పిన్‌కోడ్‌లోనే ఉంది. మీలో చాలామంది ఎక్సెల్‌లో మొదటి మూడంకెలు చూసి 523 అయితే ప్రకాశం, 524 అయితే నెల్లూరు అని విడదీస్తున్నారు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయినప్పుడు కందుకూరు, ఉలవపాడు, గుడ్లూరు, లింగసముద్రం, వలేటివారిపాలెం నెల్లూరులోకి వచ్చాయి. అద్దంకి, పర్చూరు, చీరాల వైపు బాపట్లకు, గూడూరు, సూళ్లూరుపేట వైపు తిరుపతికి పోయాయి. పిన్‌కోడ్‌లు మాత్రం మారలేదు. కందుకూరుది 523105, గూడూరుది 524101. తపాలా వాళ్ల పంపిణీ కోసం పుట్టిన అంకె అది, జిల్లా హద్దులతో దానికి సంబంధం లేదు.

ఇంకో చిక్కు, రిపోర్టు ఏ తేదీది అన్నది. 2021-22 సేల్స్‌ను ఇప్పటి హద్దులతో తీస్తే పాత రిపోర్టుతో ఎప్పటికీ కలవదు. అందుకని ప్రతి మండలానికీ ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు ఏ జిల్లా అన్నది పట్టికగా పెట్టాం. రిపోర్టు తీసేటప్పుడు "బిల్లు నాటి జిల్లా", "నేటి జిల్లా" అని రెండు ఆప్షన్లు వస్తాయి. ఏడాదికీ ఏడాదికీ పోల్చాలంటే రెండోది, ఆడిటరుకు పాత కాగితాలతో సరిచూపాలంటే మొదటిది. హద్దులు ఎన్నిసార్లు మారినా ఆ పట్టికలో ఒక వరస కలిపితే చాలు, మీ పార్టీలను తిరిగి ఎక్కించే పని ఉండదు.

రంగుల విషయం లెక్కతో చెబితే తేలిక. పది మండలాలున్నాయి, నెల్లూరు టౌన్ సేల్స్ 90 లక్షలు, మిగతా తొమ్మిదీ 4 నుంచి 12 లక్షల మధ్య అనుకోండి. ఇప్పటిదాకా చేసినట్టు 4 నుంచి 90ని ఐదు సమాన భాగాలు చేస్తే మొదటి భాగమే 21 లక్షల దాకా పోతుంది. తొమ్మిది మండలాలూ అందులోనే ఇరుక్కుంటాయి. ఇప్పుడు సాఫ్ట్‌వేర్ మండలాలను సేల్స్ వరసలో పేర్చి, భాగానికి రెండేసి చొప్పున పంచుతుంది. దీనిలోనూ మెలిక ఉంది. 7.9 లక్షల మండలానికీ 8 లక్షల మండలానికీ రంగు మారిపోవచ్చు, రంగు చూసి సేల్స్‌మ్యాన్‌ను నిలదీసే ముందు అంకె చూడండి. మార్కాపురం వైపు నల్లమల ఆనుకుని ఉన్న మండలాలు మ్యాప్‌లో పెద్దవి, అందులో అడవే ఎక్కువ. చిన్న సేల్స్‌కే అంత మేర రంగు పరుచుకుంటే కన్ను మోసపోతుంది. అక్కడ రంగు బదులు వృత్తాలు పెట్టుకోండి. వృత్తం వైశాల్యం సేల్స్‌కు తగ్గట్టు ఉండేలా మార్చాం. వ్యాసార్థాన్ని పెంచుకుంటూ పోతే రెట్టింపు సేల్స్ నాలుగింతలుగా కనిపిస్తాయి.

దూరాలు ఇప్పటికీ రోడ్డు దూరాలు కావు, నేరుగా గీత గీసిన దూరాలే, రిపోర్టులో ఆ మాట పక్కనే రాసి ఉంటుంది. మైదానంలో దాన్ని 1.3తో హెచ్చిస్తే రోడ్డు దూరానికి దగ్గరగా వస్తుంది గానీ పెన్నకు అటూఇటూ, బకింగ్‌హాం కాలువకు అవతలి తీరం ఊళ్లకు, వెలిగొండల పక్కన ఆ లెక్క చెల్లదు. గీతకు రెండు కిలోమీటర్లు, వంతెన చుట్టి వెళ్తే ఎన్నో రెట్లు. రోడ్డు దూరం ఇచ్చే సర్వీసుకు అడిగిన ప్రతిసారీ డబ్బు కట్టాలి కాబట్టి దాన్ని రూట్ షీట్ వరకే వాడుతున్నాం. బాడుగ లెక్కలకు గీత దూరం వాడకండి.

బండి ఎన్ని బస్తాలు మోస్తుందో చూసి రూటు తానే విడగొట్టడం ఈ అప్‌డేట్‌లో లేదు. 25 కిలోల మేత బస్తాలు 30 అయితే 750 కిలోలు, చిన్న ట్రాలీకి అంతే. ఆ లెక్క ఇప్పటికి మీ గోడౌన్ మనిషే చూసుకోవాలి.

చేయబోనిది సేల్స్‌మ్యాన్ రోజంతా ఎక్కడ తిరుగుతున్నాడో చూపించే లైవ్ ట్రాకింగ్. బిల్లు కొట్టిన చోటు, కలెక్షన్ రాసిన చోటు నమోదవుతాయి, అంతవరకే. ఆపైన అతని వెంట పడటం మాకు ఇష్టం లేదు, దాంతో ఫోన్ బ్యాటరీ కూడా మధ్యాహ్నానికే చచ్చిపోతుంది. అలాగే ఎక్సెల్‌కు తీసే పార్టీ లిస్టులో లొకేషన్, బాకీ రెండూ ఒకే షీటులో రావు. రైతు గుంట ఎక్కడుందో, ఎంత బాకీ ఉందో కలిపి వాట్సాప్ గ్రూపుల్లో తిరగడం ఎవరికీ మంచిది కాదు.

అప్‌డేట్ వేసే ముందు బ్యాకప్ తీసుకోండి. వేశాక మ్యాప్ మెనూలో "బూడిద రంగు పార్టీలు" లిస్టు తీసి, సేల్స్ ఎక్కువున్న వాళ్ల నుంచి మొదలుపెట్టండి. లైన్‌కు వెళ్లే మనిషి ఎలాగూ షాపు ముందు ఆగుతాడు, బిల్లు కొట్టేటప్పుడు "లొకేషన్ తీయి" నొక్కితే సరిపోతుంది. ఒకసారి ఆకుపచ్చ అయిన పిన్‌ను మళ్లీ మార్చాలంటే ఓనర్ పాస్‌వర్డ్ అడుగుతుంది.