ప్రకటనలు లెక్కపెట్టడం కూడా పరిశోధనే

బుజ్జమ్మా,

నిన్న ఫోన్లో నువ్వన్న మాటే పొద్దుటి నుంచి బుర్రలో తిరుగుతోంది. "రూమ్మేటు ల్యాబ్‌లో మైక్రోస్కోపు ముందు కూర్చుంటోంది. నేనేమో పాత పత్రికల్లో టానిక్కుల ప్రకటనలు లెక్కపెడుతున్నాను. ఇది కూడా రీసెర్చేనా అమ్మా?" అన్నావు. రెండు ముక్కల్లో చెప్పి పెట్టేసే సంగతి కాదని రాస్తున్నాను.

ఇది పరిశోధనే. బాటనీ చెప్పేదాన్ని, ఏటా డిగ్రీ పిల్లల ప్రాజెక్టులు చూసేదాన్ని కాబట్టి గట్టిగానే చెబుతున్నాను. ప్రాజెక్టు చేతికి రాగానే ఏ యంత్రం వాడారని చూడను. ఏదో ఒక వాక్యం మీద వేలు పెట్టి "ఇది నీకెలా తెలిసింది?" అని అడుగుతాను. నోట్‌బుక్ తెరిచి, ఇదిగో ఇలా అని చూపించగలిగితే అది పరిశోధన. చూపించలేకపోతే ఎంత ఖరీదైన పరికరం ముందు కూర్చున్నా కాదు.

మా దగ్గరికి తరచూ వచ్చే ప్రాజెక్టు ఒకటి చెప్తా విను. ఒక ట్రేలో ముప్పై విత్తనాలకు ఉప్పునీళ్లు పోస్తారు, ఇంకో ట్రేలో ముప్పైకి మామూలు నీళ్లు. మొలకల్లో తేడా వచ్చిందని సంబరంగా గ్రాఫ్ గీసుకొస్తారు. తీరా అడిగితే ఒక ట్రే కిటికీ పక్కన పెట్టారు, రెండోది గోడ వారగా పెట్టారు. మరి తేడా ఉప్పు వల్ల వచ్చిందా, వెలుతురు వల్ల వచ్చిందా? విత్తనాలు ముప్పై చొప్పున ఉన్నా, పోల్చి చూసింది మాత్రం రెండు ట్రేలనే. 1984లో స్టువర్ట్ హర్ల్‌బర్ట్ అనే ఎకాలజిస్టు దీనికి సూడోరెప్లికేషన్, అంటే ఉత్తుత్తి పునరావృతి, అని పేరు పెట్టాడు. అచ్చయిన ప్రయోగాల్లో కూడా ఇది ఎంత మామూలో ఎంచి చూపించాడు.

నీ ప్రకటనల్లోనూ ఇదే చిక్కు ఉంది. ఫలానా ఏడాదిలో టానిక్కుల ప్రకటనలు సగానికి తగ్గాయని రాశావనుకో. నిజంగా తగ్గాయా, లేక ఆ ఏడాది సంచికలు కొన్ని లైబ్రరీలో లేవా? పాత పత్రికలను సంపుటాలుగా బైండు చేసేటప్పుడు అట్టలూ, ప్రకటనల పేజీలూ తీసేయడం చాలాచోట్ల ఉండేది. అలాంటి సంపుటం నీ చేతికొస్తే నువ్వు లెక్కపెట్టేది బైండు చేసినవాళ్లు ఏం మిగిల్చారన్నది మాత్రమే. అందుకే ప్రతి సంచికకూ పేజీలు ఎన్ని ఉన్నాయి, వరుస నంబర్లు సరిపోయాయా అన్నది ముందు రాసుకో. ప్రకటనల సంఖ్య తర్వాత.

ఇంకొకటి. ఏ ప్రకటన ఎవరి కోసమో విడదీయాలి కదా. "నరాల బలహీనత"కు మందు అన్న ప్రకటన ఆడవాళ్ల కోసమా, మగవాళ్ల కోసమా? బొమ్మలో ఆడమనిషి ఉంటే ఆడవాళ్ల కిందే వేస్తావా? ఏదో ఒక నియమం పెట్టుకుని కాగితం మీద రాసుకో. మధ్యలో నియమం మార్చాల్సి వస్తే మార్చు, కానీ మొదటి నుంచి మళ్లీ చూసుకుంటూ రా. విసుగే, తప్పదు. ఆ తర్వాత ఓ యాభై ప్రకటనలు, నీ నియమాలు మీ స్నేహితురాలి చేతిలో పెట్టి, నీ జవాబులు చూపించకుండా ఆమెనూ విడదీయమను. ఇద్దరివీ ఎక్కడెక్కడ కలవలేదో అక్కడ నీ నియమం సరిగా లేదని అర్థం. నా దృష్టిలో ఇది నీ ప్రాజెక్టు మొత్తంలో అన్నిటికన్నా విలువైన మధ్యాహ్నం అవుతుంది.

వరుసలు లెక్కపెట్టడం చిన్న పని అనుకోకు. అమెరికాలో మసాచుసెట్స్ యూనివర్సిటీలో థామస్ హెర్న్‌డన్ అనే పీజీ విద్యార్థికి క్లాసులో హోంవర్క్‌గా ఇచ్చిన పని, అచ్చయిన పేపర్ ఒకటి తీసుకుని అందులో అంకెలు మళ్లీ రాబట్టడం. రైన్‌హార్ట్, రోగాఫ్ అనే పేరున్న ఆర్థికవేత్తలు 2010లో రాసిన పేపర్ తీసుకున్నాడు. అప్పు జీడీపీలో 90 శాతం దాటితే దేశాల వృద్ధి బాగా పడిపోతుందని అందులో ఉంది. ప్రభుత్వ ఖర్చులు కోయాలనేవాళ్లు దాన్నే ఆధారంగా చూపించేవారు. ఎంత చేసినా అతనికి అంకెలు కలవలేదు. రచయితలను అడిగితే తమ స్ప్రెడ్‌షీట్ పంపారు. చూస్తే సగటు తీసే ఫార్ములాలోకి ఐదు దేశాల వరుసలు రానేలేదు. అదీ, ఇంకొన్ని లెక్కల ఎంపికలూ సరిచేస్తే అప్పు 90 శాతం దాటిన దేశాల సగటు వృద్ధి మైనస్ 0.1 శాతం నుంచి 2.2 శాతానికి వచ్చింది. 2013లో అదంతా బయటపెట్టాడు. రచయితలు ఫార్ములా పొరపాటు ఒప్పుకున్నారు, తమ ముగింపు మాత్రం నిలుస్తుందని వాదించారు. వాళ్లు స్ప్రెడ్‌షీట్ ఇచ్చారు కాబట్టే ఇదంతా తేలింది. అది నాకు నచ్చిన సంగతి. నీ పట్టిక కూడా ఎవరడిగినా ఇవ్వగలిగేలా ఉంచుకో.

ఇక సైన్సు వేరు, హిస్టరీ వేరు అన్న మాటకొస్తే, 2023లో అమెరికాలోని నెబ్రాస్కాలో డిగ్రీ చదువుతున్న ల్యూక్ ఫారిటర్ చేసిన పని చూడు. క్రీ.శ. 79లో ఇటలీలో వెసూవియస్ అగ్నిపర్వతం పేలినప్పుడు హెర్క్యులేనియం అనే ఊళ్లో బొగ్గయిపోయిన పాపిరస్ (పాతకాలపు రాతకాగితం) చుట్టలున్నాయి. విప్పబోతే ముక్కలైపోతాయి. ఎక్స్‌రే స్కాన్ తీస్తే సిరా విడిగా కనబడదు, ఎందుకంటే సిరాలోనూ కార్బనే, కాలిన పాపిరస్‌లోనూ కార్బనే. కేసీ హాండ్‌మర్ అనే ఆయన గంటల తరబడి ఆ స్కాన్లను కళ్లతోనే చూసి, ఎండి పగిలిన బురదలా ఉండే గీతలు సిరా ఉన్నచోట వస్తున్నాయని పట్టుకున్నాడు. వాటిని గుర్తుపట్టేలా ఫారిటర్ ఒక ఏఐ మోడల్‌ను తయారుచేశాడు. అలా చుట్ట విప్పకుండానే మొదటిసారి ఒక పూర్తి మాట బయటపడింది: గ్రీకులో ఊదా రంగు. ఆ అక్షరాలు అవేనని చూసి తేల్చింది పాత గ్రీకు రాతప్రతులు చదివే పండితులు. ఇందులో సైన్సు ఎక్కడ ఆగింది, హ్యుమానిటీస్ ఎక్కడ మొదలైంది, నువ్వే చెప్పు.

రిఫరెన్సుల కోసం ఏఐని అడుగుతున్నానన్నావు. అడుగు, కానీ అది లేని వ్యాసానికి కూడా రచయిత పేరు, సంవత్సరం, పేజీ నంబర్లతో సహా కల్పించి ఇవ్వగలదు. నువ్వు తెరిచి చదవనిదేదీ నీ జాబితాలోకి రానివ్వకు.

మీ గైడ్ "స్త్రీల ఆరోగ్యం, పత్రికలు" అన్న టైటిల్‌ని కుదించమన్నారని బాధపడ్డావు కదా, ఆవిడ నీకు మేలే చేశారు. ఒక పత్రిక, పదేళ్లు, ఒక రకం ప్రకటనలు. ఇంతైతే ప్రతి అంకెకూ నువ్వు పూచీ పడగలవు. టానిక్కులు ఎక్కువగా ఆడవాళ్లకే అమ్మజూపారని నీ ఊహ. లెక్కలు అలా రాకపోతే రాలేదనే రాయి. దానికి మార్కులు తగ్గించేవాళ్లుంటే ఆ తప్పు నీది కాదు.

సోమవారం లైబ్రరీలో లేని సంచికల జాబితా అడిగి తీసుకో. వేరే లైబ్రరీలో దొరుకుతాయేమో కూడా వాళ్లనే కనుక్కోమను. ఆదివారం ఫోన్ చేసినప్పుడు నీ ప్రశ్న ఒక్క వాక్యంలో చదివి వినిపించు, నేను అడ్డు ప్రశ్నలు వేస్తాను. టెన్షన్ పెట్టుకుని నిద్ర మానకు.

ప్రేమతో,
అమ్మ