తోతాపురి టార్టుకు పిండి కలపడం

చిత్తూరు

బంగారు పాపకు,

మామిడి టార్టు, అదే పిండి గిన్నెలా కాల్చి మామిడి ముక్కలు నింపేది, ఎలా చేయాలో రాయమన్నావు. పండు సంగతి తర్వాత, ముందు పిండి. నీ చేయి చపాతీకి అలవాటు పడింది. చపాతీ పిండిని ఎంత పిసికితే అంత మెత్తన. టార్టు పిండిని అలా పిసికావంటే సాగుడు పుట్టి, కాలాక తోలులా అవుతుంది.

తిరుపతి ఎండకు మధ్యాహ్నం పూట మొదలుపెట్టకు, బటర్ చేతిలోనే కరిగిపోతుంది. పొద్దున ఆరింటికి వంటింటి గట్టు రాయి చల్లగా ఉన్నప్పుడు కలుపు. 9 అంగుళాల పళ్లానికి మైదా 180 గ్రాములు, అంటే కప్పున్నర. బటర్ 100 గ్రాములు. ఉప్పు బటరయితే వేరే ఉప్పు వేయొద్దు. చక్కెర ఒక చెంచా. బటర్‌ను చిన్న ముక్కలు కోసి, మైదాతో సహా అరగంట ఫ్రిజ్‌లో పెట్టు. తర్వాత వేళ్ల కొసలతో మాత్రమే నలుపు. అరచేయి తగలనీయకు, అందులో వేడి ఎక్కువ. అక్కడక్కడా శనగగింజంత బటర్ ముక్కలు కనబడుతుండగానే ఆపేయాలి. ఓవెన్‌లో ఆ ముక్కల్లోని నీరు ఆవిరై పొరల్ని లేపుతుంది. నెయ్యిలో నీరు ఉండదు కాబట్టి నెయ్యి వేస్తే పొరలు రావు, నానఖటాయి బిస్కెట్‌లా పొడిపొడిగా వస్తుంది.

ఐస్ నీళ్లు చెంచా చెంచాగా చల్లు. మూడు నాలుగు పెద్ద చెంచాలు చాలు. పుట్టుకు బియ్యప్పిండి తడిపినట్టే: పిడికిలి బిగిస్తే ముద్ద నిలవాలి, వేలితో తడితే విరగాలి. ముద్దను బిళ్లలా అదిమి, కవర్‌లో చుట్టి గంటసేపు ఫ్రిజ్‌లో ఉంచు.

రెండు బటర్ పేపర్ల మధ్య పెట్టి, అప్పడాల కర్రతో 3 మిల్లీమీటర్ల మందాన ఒత్తు. అంచులు చీలితే మరీ చల్లగా ఉందని అర్థం, ఐదు నిమిషాలు ఆగు. అంటుకుంటుంటే పొడిపిండి చల్లకు, మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టు. పళ్లెంలో పరిచేటప్పుడు మాత్రం లాగొద్దమ్మా. లాగి అతికించిందల్లా వేడి తగలగానే వెనక్కి ముడుచుకుని, గోడలు కిందికి జారిపోతాయి. మూలల్లోకి వదులుగా దింపి, ఫోర్కుతో అడుగంతా గుచ్చి, ఇంకో ఇరవై నిమిషాలు చల్లబరుచు.

ఓటీజీని, అంటే మీ చిన్న కరెంటు ఓవెన్‌ని, పైనా కిందా రాడ్లు వేసి 190 డిగ్రీల దగ్గర పదిహేను నిమిషాలు ముందే వేడి చేయి. కన్వెక్షన్ మైక్రోవేవ్ అయితే 175 చాలు. పిండి మీద బటర్ పేపర్ పరిచి, అంచుదాకా ఎండు శనగలు పోసి పదిహేను నిమిషాలు కాల్చు. శనగలు, పేపర్ తీసేసి, అడుగు తడి ఆరేదాకా ఇంకో ఎనిమిది నిమిషాలు. ఆ శనగలు మళ్లీ వండడానికి పనికిరావు, డబ్బాలో దాచుకుంటే ప్రతిసారీ ఇదే పనికి వాడొచ్చు. ఇలా ముందు కాల్చకపోతే పండు రసం దిగి అడుగు పచ్చిగా, ముద్దగా మిగిలిపోతుంది.

పండుకు బేనీషా (బంగినపల్లి) వద్దు, కాలిస్తే కరిగి గుజ్జవుతుంది. తోతాపురి దోరగా ఉండాలి, కోస్తే ముక్క నిలవాలి. అర కిలో ముక్కలకు 80 గ్రాముల చక్కెర, ఒక చెంచా నిమ్మరసం కలిపి అరగంట వదిలేయి. ఊరిన రసాన్ని గిన్నెలోకి వంచి, వేడి చేయకముందే ఆ రసంలో రెండు పెద్ద చెంచాల కార్న్‌ఫ్లోర్ ఉండలు లేకుండా కలిపి స్టవ్ మీద పెట్టు. బుడగలు వచ్చి పాలరంగు పోయి మెరిసేదాకా తిప్పు. ముందే దించితే పచ్చి పిండి రుచి పోదు, కోసినప్పుడు జారుతుంది. చల్లార్చి ముక్కలతో కలిపి, చిటికెడు యాలకుల పొడి వేసి నింపు. మళ్లీ 190లో ముప్పై నిమిషాలు. మధ్యలో కూడా బుడగలు రావాలి. ఈలోగా అంచు మాడుతుంటే దాని చుట్టూ మాత్రం ఫాయిల్ కప్పు.

తీశాక మూడు గంటలు ముట్టుకోకు. వేడిగా కోస్తే లోపలిదంతా పళ్లెంలోకి కారుతుంది.

మీ నాన్న బస్సులో పంపిన పెట్టెలో కింది వరుసవి ముందుగా మాగుతాయి, అవి తినేయండి. టార్టుకు పై వరుస కాయలు తీసుకో.

మీ అమ్మ