లయ తప్పిన గుండెకు ఆస్పిరిన్ చాలదు

సంపాదకులకు,

నేను చిత్తూరులో మందుల దుకాణం నడుపుతున్న ఫార్మసిస్టును. గుండె లయ తప్పిన పెద్దవారిలో ఎంతోమందికి రక్తం గడ్డకట్టకుండా కాపాడే మందు అందడం లేదు. కొందరికి అసలు రాయరు, రాసినా కొందరు మధ్యలో మానేస్తారు. బీపీ, షుగర్ గురించి ఇప్పుడు పల్లెల్లోనూ అందరికీ తెలుసు. గుండె లయ తప్పే ఈ జబ్బు పేరు, ఏట్రియల్ ఫిబ్రిలేషన్, మాత్రం ఈసీజీ కాగితం దాటి రావడం లేదు. ఇంట్లో వాళ్లకు ‘కొంచెం గుండె దడ’ అని మాత్రమే తెలుస్తుంది.

ఈ జబ్బులో గుండె పై గదులు సరిగా ముడుచుకోకుండా అదురుతూ ఉంటాయి. నిలవ నీటిలో పాచి పట్టినట్టు, ఎడమ పై గదికి అంటుకుని ఉన్న చిన్న సంచిలో రక్తం నిలిచి గడ్డ కడుతుంది. అది జారి మెదడుకు చేరితే పక్షవాతమే. గుండె లయ సరిగా ఉన్నవారితో పోలిస్తే ఈ ముప్పు దాదాపు 5 రెట్లు. ఇలా వచ్చే పక్షవాతం తీవ్రంగానూ ఉంటుంది, మనిషిని మంచానికే కట్టిపడేస్తుంది. గడ్డను కరిగించే ఇంజెక్షన్‌కు గడువు నాలుగున్నర గంటలు. పలమనేరు అవతలి పల్లె నుంచి బండి మాట్లాడుకుని తిరుపతికో వేలూరుకో చేరేసరికి అందులో మిగిలేది ఎంత? అందుకే రాకుండా చూసుకోవడం ముఖ్యం.

రక్తం గడ్డకట్టకుండా చూసే పాత మందు వార్ఫరిన్ సరిగా వాడితే ఈ ముప్పు మూడింట రెండు వంతులు తగ్గుతుందని ఏనాడో తేలింది. అయినా నా దగ్గరికి వచ్చే చీటీల్లో దాని స్థానంలో తరచుగా కనిపించేది ఆస్పిరిన్. రక్తం కారుతుందన్న భయంతో ‘చిన్న మందు’ రాశామనుకుంటారు. ఈ రకం గడ్డను ఆపడంలో ఆస్పిరిన్ చాలా బలహీనం. 2011లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం ఆస్పిరిన్‌ను, గడ్డకట్టకుండా చూసే కొత్త మందు అపిక్సబాన్‌తో పోల్చి చూసింది. అపిక్సబాన్ వాడినవారిలో పక్షవాతాలు సగానికి పైగా తగ్గాయి. పెద్ద రక్తస్రావాలు ఇరువైపులా దాదాపు ఒకే తీరుగా ఉన్నాయి. మరి ఆస్పిరిన్ రాసి ఎవరిని కాపాడుతున్నట్టు?

‘పెద్దాయన తూలి పడతాడు, తలలో రక్తం కారితే ఎలా’ అన్నది తరచూ వినిపించే మరో మాట. కెనడా వైద్యులు 1999లో దీన్నే లెక్క కట్టారు. వార్ఫరిన్ వల్ల మేలు కంటే కీడు ఎక్కువ కావాలంటే మనిషి ఏడాదికి దాదాపు 295 సార్లు పడాలని తేలింది. రక్తస్రావం భయం అబద్ధమని నేను అనను. మూత్రపిండాల పరీక్ష చేయకుండా అపిక్సబాన్ లాంటి కొత్త మందుల మోతాదు రాయకూడదు. మోకాళ్ల నొప్పికి డైక్లోఫెనాక్ కొనుక్కుని ఈ మందులతో కలిపి మింగడం నిజంగా ప్రమాదం. మలం నల్లగా వచ్చినా, తలకు దెబ్బ తగిలినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఇవన్నీ చెప్పి మందు ఇవ్వాలి గానీ, చెప్పడానికి తీరిక లేక మందే మానేయకూడదు.

మానేసిన వారి కథలు రోజూ నా కౌంటరు ముందుకే వస్తాయి. పూతలపట్టు వైపు నుంచి వచ్చే ఒక పెద్దావిడ మొన్న బీపీ మాత్రలు మాత్రమే అడిగారు. రెండోది ఏదమ్మా అంటే, ‘చిగుళ్లలో రక్తం కనిపించింది తల్లీ, మా అబ్బాయి ఆపేయమన్నాడు’ అన్నారు. ఇంకొకరు పన్ను పీకించుకోవడానికి ఆపారు, మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలో ఎవరూ చెప్పలేదు. పెరటాసి నెల శనివారాల్లో ఉపవాసమని మాత్ర వదిలేసేవారు మరికొందరు. కొత్త మందుల ప్రభావం ఒక రోజు గడిచేసరికే చాలావరకు తగ్గిపోతుంది. వాటిలో ఒకటైన రివరాక్సబాన్‌ను అన్నంతోనే వేసుకోవాలి, లేకపోతే ఒంటికి సరిగా పట్టదు. ఉపవాసం ఉండేవారు డాక్టరుతో ముందే మాట్లాడుకుంటే ఆ రోజుకూ దారి దొరుకుతుంది.

గుండె ఎడమ గదుల మధ్య ఉండే మిట్రల్ కవాటం బాగా సన్నబడ్డవారికి, లోహపు కవాటం అమర్చినవారికి ఇప్పటికీ వార్ఫరిన్ తప్పదు. వారికి, రక్తం ఎంత ఆలస్యంగా గడ్డకడుతోందో చూపే ఐఎన్‌ఆర్ పరీక్ష క్రమంగా జరగాలి, ఫలితం సాధారణంగా 2 నుంచి 3 మధ్య ఉండాలి. లోహపు కవాటం ఉన్న కొందరికి ఇంకాస్త ఎక్కువ కావాలి. వార్ఫరిన్ పనిపై ప్రభావం చూపే తోటకూర, మునగాకు పూర్తిగా మానాల్సిన పని లేదు. ఒక వారం కుప్పలుగా తిని మరో వారం ముట్టకపోవడమే ఇబ్బంది. అయితే ఆ పరీక్ష కోసం కూలి పోగొట్టుకుని ఊరు దాటాల్సి వస్తే ఎవరు మాత్రం ఎన్నాళ్లు చేయించుకుంటారు?

2022 జాతీయ అత్యవసర ఔషధాల జాబితాలో వార్ఫరిన్, కొత్త మందుల్లో ఒకటైన డాబిగాట్రాన్ రెండూ ఉన్నాయి. అవి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం అలమరలో కూడా నిత్యం ఉండాలి. విలేజ్ క్లినిక్‌లో బీపీ పట్టీ చుట్టేటప్పుడే, 65 దాటిన ప్రతి ఒక్కరి మణికట్టు మీద అర నిమిషం వేళ్లు పెట్టి నాడి చూడాలి. కొట్టుకోవడంలో తేడా ఉంటే ఆ వారంలోనే ఈసీజీ తీయించాలి. ఏరియా ఆసుపత్రుల్లో వారానికి ఒక రోజైనా ఐఎన్‌ఆర్‌కు కేటాయించాలి. చిత్తూరు, తిరుపతి జిల్లాల వైద్య ఆరోగ్య శాఖ అధికారులను నేను కోరేది ఇదే. పంటి వైద్యులకు, శస్త్రచికిత్స చేసేవారికి కూడా ఒక విన్నపం: ఈ మాత్ర ఆపమన్నప్పుడు, తిరిగి మొదలుపెట్టాల్సిన తేదీని అదే చీటీ మీద తెలుగులో రాసి ఇవ్వండి.

— ఒక ఫార్మసిస్టు, చిత్తూరు