సోమవారం నుంచి మన లో-కార్బ్ డైట్

అందరికీ నమస్కారం. చేరేవాళ్లు శనివారం రాత్రిలోగా ఇక్కడ పేరు పెట్టండి.

అన్నం, ఇడ్లీ, చపాతీ, పంచదార బంద్. పిండిపదార్థాలు రోజుకు 50 గ్రాముల లోపే. కప్పు అన్నంలోనే దాదాపు 45 ఉంటాయి, మరి చూసుకోండి!

గుడ్లు, చేపలు, పనీర్, ఆకుకూరలు, నెయ్యి తెచ్చిపెట్టుకోండి. అన్నం బదులు కాలీఫ్లవర్ తురిమి నేతిలో మూత పెట్టకుండా వేయించండి, లేకపోతే ముద్దయిపోతుంది.

మొదటి వారం ఒంట్లోంచి నీరు, ఉప్పు ఎక్కువ పోతాయి కాబట్టి తలనొప్పి, నీరసం రావచ్చు. ఉప్పేసిన నిమ్మనీళ్లు తాగండి, టెన్షన్ వద్దు.

షుగర్, బీపీ మందులు వాడేవాళ్లు, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు, గర్భిణులు డాక్టర్‌ని అడగకుండా మొదలుపెట్టొద్దు. మందుల మోతాదు మార్చాల్సి రావచ్చు.

రోజూ రాత్రి 9కి ప్లేటు ఫొటో. బరువు మాత్రం ఆదివారం పరగడుపునే.

గుడ్ మార్నింగ్ ఫార్వర్డులు ఇక్కడ వద్దు బాబూ!